విమానం దిగే వేళ, మనిషి ఇల్లు చేరే వేళ



మన ఏలూరు, గూడెం ప్రాంతాల్లో ఒక ఇంట్లో పెద్దవారు ప్రభువునందు నిద్రించారంటే, ప్రార్థన ముగించి లేచిన పాస్టరుగారు ఇంటివారిని నెమ్మదిగా అడిగే మాట ఒకటుంది: "భూస్థాపన ఎప్పుడు పెట్టుకుందామమ్మా?" దానికి వెంటనే జవాబు చెప్పగలిగిన ఇళ్లు ఇప్పుడు తక్కువ. "అబ్బాయి ఎప్పటికి దిగుతాడో తెలియాలి కదండీ" అంటారు. అబ్బాయి డల్లాస్‌లో ఉండవచ్చు. అమ్మాయి కువైట్‌లో ఉండవచ్చు. అప్పుడు అరుగు మీద కూర్చున్న నలుగురూ నాలుగు లెక్కలు చెబుతారు. కువైట్ అయితే అయిదు గంటలే కదా, పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి ఉంటుందని ఒకరు. అమెరికా అంటే ఇరవై గంటలు, రేపు సాయంత్రానికి వచ్చేస్తాడని మరొకరు. ఫ్రీజర్ బాక్సు ఎన్ని రోజులకు తెప్పించాలి, దూరపు బంధువులకు ఏ రోజని చెప్పాలి, మందిరంలో ఏ వేళకు ఏర్పాటు చేయాలి, అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. లెక్క తప్పితే ఇంటిలో మాట పట్టింపులు వస్తాయి. ఏళ్లు గడిచినా పోని పట్టింపులు అవి. అందుకే ఈ నెల దూరం గురించీ, ప్రయాణ కాలం గురించీ మాట్లాడుకుందాం.

మన పెద్దలు దూరాన్ని కోసులతో, ఆమడలతో కొలిచేవారు. కోసంటే సుమారు రెండు మైళ్లు, నాలుగు కోసులు ఒక ఆమడ. లూకా సువార్తలో ఎమ్మాయు గ్రామం యెరూషలేముకు ఎంత దూరమో చెప్పేచోట మన తెలుగు బైబిలు ఆమడ అనే మాటనే వాడింది, గమనించారా? మనిషి కాలినడకన ఒక పూటలో వెళ్లి అవసరమైతే తిరిగి రాగల దూరం అది. ఆ ఇద్దరు శిష్యులూ అదే చేశారు కదా. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం ఇంచుమించు నాలుగు ఆమడలు. నడిచేవారికి ఒక పగలంతా పట్టి, కాళ్లు పీకే ప్రయాణం.

ఇప్పుడు అదే దూరం చూడండి. పటం మీద స్కేలు పెట్టి తిన్నగా కొలిస్తే ఏలూరు నుండి గూడెం సుమారు 45 కిలోమీటర్లు. రైలు దారి 48. దెందులూరు, భీమడోలు, పూళ్ల, చేబ్రోలు, బాదంపూడి మీదుగా సాగే ఆ దారికి కొండ గాని, పెద్ద నది గాని అడ్డం లేదు. అందుకే పక్షి దారికీ రైలు దారికీ మధ్య తేడా ఇంత తక్కువ. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి ఈ దూరం మూడున్నర నిమిషాలు కూడా కాదు. కాని ఆ విమానం మన కోసం ఆగదు. గూడెంలో రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి ఉన్న సంగతి మీకు తెలిసినదే. యుద్ధం అయిపోయింది, ప్రయాణికుల విమానాలు మాత్రం అక్కడికి రాలేదు. అదే యుద్ధకాలంలో వేసిన గన్నవరం రన్‌వే బెజవాడ విమానాశ్రయం అయింది. గూడెం వారు అటు గన్నవరమైనా పోవాలి, ఇటు గోదావరి దాటి మధురపూడి అయినా పోవాలి.

ఏలూరు నుండి హైదరాబాదు వెళ్లడం తీసుకుంటే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పక్షి దారిన సుమారు 290 కిలోమీటర్లు. రోడ్డు మీద 330 పైచిలుకు. రైలు మీద, బెజవాడ, ఖమ్మం, కాజీపేట చుట్టి, సికిందరాబాదుకు సుమారు 410. ఒకే రెండు ఊళ్లు, మూడు దూరాలు. "ఎంత దూరం?" అని అడిగితే "దేని మీద?" అని తిరిగి అడగడమే సరైన జవాబు.

గన్నవరంలో విమానం ఎక్కితే శంషాబాదుకు గంట అని టిక్కెట్టు మీద ఉంటుంది. నిజానికి గాలిలో ఉండేది మూడు వంతుల గంట లేదా కొంచెం అటూ ఇటూ. మిగతాది నేల మీద దొర్లడం, వంతు కోసం ఆగడం. ఆ గంటకు ముందు ఏమున్నాయో లెక్కవేయండి. ఏలూరు నుండి గన్నవరం చేరడానికి గంట. విమానానికి గంటన్నర ముందే అక్కడ ఉండాలి. దిగిన తరువాత పెట్టె తీసుకుని బయటికి వచ్చి, శంషాబాదు నుండి నగరంలో బంధువుల ఇంటికి చేరడానికి మరో గంటన్నర. మొత్తం అయిదు గంటలు. రైలుకు ఏడెనిమిది గంటలు పడుతుంది గాని, అవి పడుకుని పోయే గంటలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని విమానంలో తీసుకువెళ్తే సుఖమనుకునేవారు, ఆ అయిదు గంటల్లో ఎన్నిసార్లు ఎక్కి దిగాలో కూడా లెక్కపెట్టుకోవాలి. నన్నడిగితే హైదరాబాదుకు రాత్రి రైలే మేలు అంటాను. వైద్యం పని తొందరగా ఉంటే అది వేరే మాట.

ఇక సముద్రాలు దాటే దూరాలు. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ పని వారిచేత చేయించండి. బడిలో వాడే గ్లోబు ఒకటి తీసుకుని, ఒక దారం దాని నడుము చుట్టూ పెట్టి కొలవండి. ఆ పొడవు 40,000 కిలోమీటర్లకు సమానం, ఎందుకంటే భూమి చుట్టుకొలత అంతే. ఇప్పుడు మన తీరం దగ్గర దారం ఒక కొస పెట్టి, రెండో కొస కువైట్ దగ్గర బిగించి లాగండి. గ్లోబు చుట్టుకొలత 100 సెంటీమీటర్లయితే ఈ దారం తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ వస్తుంది. అంటే సుమారు 3,650 కిలోమీటర్లు. డల్లాస్‌కు పెట్టి చూస్తే ఒక వింత కనబడుతుంది. గోడ మీద పటంలో అమెరికా మనకు పడమర దిక్కున, సముద్రానికి అవతల ఉంటుంది. గ్లోబు మీద బిగించిన దారం మాత్రం పడమరకు పోదు. తిన్నగా ఉత్తరానికి పోయి, ధ్రువానికి దగ్గరగా మంచు సముద్రం మీదుగా అవతలి వైపు దిగుతుంది! హైదరాబాదు నుండి ఆ దారిన డల్లాస్ దాదాపు 14,400 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉండడమే దీనికి కారణం. పటం దాన్ని బలవంతంగా బల్లపరుపు చేసి చూపిస్తుంది.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఒకటి ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. నడిపినవారందరూ స్త్రీలే. వారిలో పాపగారి తన్మయి మన తెలుగు బిడ్డ. పదిహేడు గంటల చొప్పున ఎక్కడా ఆగకుండా వచ్చారు. అదే నెలలో హైదరాబాదు నుండి చికాగోకు కూడా ఆగకుండా వెళ్లే విమానం మొదలుపెట్టారు గాని, అది నిలవలేదు.

దూరం తక్కువైతే సమయమూ తక్కువే అనుకుంటాం. గాలి ఆ లెక్కను తలక్రిందులు చేస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు బలమైన గాలి వీస్తూ ఉంటుంది. ఏటికి ఎదురీదే పడవకూ, వాలున పోయే పడవకూ ఉన్న తేడాయే విమానానికీ ఉంటుంది. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియావారు 2015లో ఆగకుండా విమానం నడపడం మొదలుపెట్టినప్పుడు అది అట్లాంటిక్ మీదుగా, అంటే గాలికి ఎదురుగా, పోయేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు, పసిఫిక్ మీదుగా తిప్పారు. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. అందుకే అమెరికా వెళ్లేటప్పుడు గల్ఫ్ నుండి డల్లాస్‌కు పదహారు గంటలు పడితే, వచ్చేటప్పుడు పదిహేను గంటలకే దిగుతారు.

దేశాల మధ్య తగవులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. 2019లో ఫిబ్రవరి చివరి నుండి జూలై వరకు పాకిస్తాన్ తన ఆకాశం మూసివేసింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు మళ్లీ మూసివేసింది. ఢిల్లీ నుండి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. కనుక పోయిన ఏడు పెద్దబ్బాయికి ఇన్ని గంటలు పట్టింది గనుక ఈ ఏడు చిన్నబ్బాయికీ అంతే అనుకోవడానికి లేదు.

దూర ప్రయాణాల మాట వచ్చినప్పుడు మన కొల్లేటి అతిథులను మరువకూడదు. చలికాలంలో సూదితోక బాతులు ఎక్కడెక్కడి నుండో కొల్లేరుకు దిగుతాయి. వాటి పుట్టిళ్లు సైబీరియా, మధ్య ఆసియా వైపున ఉన్నాయి. సైబీరియాలోని నోవోసిబిర్స్క్ పట్టణం ఇంచుమించు మనకు తిన్నగా ఉత్తరానే ఉంది. ఏలూరుకు సుమారు 4,250 కిలోమీటర్లు. అంటే కువైట్ కంటే దూరం! హిమాలయాలు అడ్డం ఉన్నా పక్షులకు లెక్కలేదు. చారల తల బాతు అనే జాతి, సముద్రమట్టం అంత పల్లం నుండి బయలుదేరి ఆ కొండలను ఏడెనిమిది గంటల్లో దాటిపోతుందని, వాటి ఒంటికి చిన్న యంత్రాలు కట్టి చూసిన శాస్త్రజ్ఞులు 2011లో తెలియజేశారు. ఆటపాక దగ్గర కనిపించే గూడబాతులు మాత్రం అంత దూరపువి కావు, మన దేశపువే. 1946లో కె. కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ఈ కొల్లేటి ప్రాంతంలోనే వాటి పెద్ద ఆవాసాన్ని కనుగొన్నాడు. పక్షికి టిక్కెట్టు లేదు, వీసా లేదు. మేత దొరికినచోట వారాల తరబడి ఆగి మళ్లీ లేస్తుంది. దాని ప్రయాణ కాలాన్ని గంటల్లో చెప్పడమే పొరపాటు.

సరే, మనుషుల దగ్గరికి వద్దాం. టిక్కెట్టు మీది వేళలు చూసి చాలామంది మోసపోతారు. హైదరాబాదులో ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం దుబాయిలో మధ్యాహ్నం 12:30కు దిగుతుందని రాసి ఉంటే రెండున్నర గంటల ప్రయాణం అనుకుంటారు. కాదు, నాలుగు గంటలు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక. తిరుగు ప్రయాణంలో దుబాయిలో 10కి బయలుదేరి హైదరాబాదులో 3 గంటలకు దిగితే అయిదు గంటలు అనిపిస్తుంది, నిజంగా పట్టింది మూడున్నరే. కువైట్ గడియారం మనకు రెండున్నర గంటలు వెనుక. ఏ టిక్కెట్టు మీదనైనా దిగే వేళ ఆ దిగే ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం తికమక పోతుంది.

ఇప్పుడు డల్లాస్ లెక్క ఒక్కసారి పూర్తిగా వేసి చూద్దాం. చలికాలం అనుకోండి. సోమవారం రాత్రి 10 గంటలకు ఇక్కడ తండ్రిగారు కన్నుమూశారు. అప్పుడు డల్లాస్‌లో సోమవారమే, ఉదయం 10:30. అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు. కబురు విని, సెలవు చెప్పి, టిక్కెట్టు దొరికించుకుని, సాయంత్రం 6 గంటల విమానం అందుకోగలిగాడంటే చాలా త్వరగా కదిలినట్టే. అప్పటికి మనకు మంగళవారం తెల్లవారుజాము 5:30. పదిహేను గంటలకు గల్ఫ్‌లో దిగేసరికి మనకు మంగళవారం రాత్రి 8:30. అక్కడ రెండో విమానానికి నాలుగు గంటలు కాచుకోవాలి. మూడున్నర గంటలకు హైదరాబాదు, బుధవారం ఉదయం 4 గంటలు. పాస్‌పోర్టు తనిఖీ, సామాను అయ్యేసరికి 5:30. కారులో ఏలూరు ఆరున్నర గంటలు. బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు గుమ్మంలో అడుగు పెడతాడు. మొత్తం 38 గంటలు. ఇది అన్నీ కలిసి వస్తే. ఆ రోజు టిక్కెట్టు దొరకక మర్నాడు ఎక్కితే గురువారం మధ్యాహ్నం. మధ్యలో ఒక విమానం తప్పితే శుక్రవారమే.

కనుక అమెరికా నుండి రావలసినవారు ఉంటే, మూడో రోజు మధ్యాహ్నం తరువాత భూస్థాపన పెట్టుకోవడం వీలైన పని, రెండో రోజు సాయంత్రం కానిపని. బంధువులకు వేళ చెప్పేముందు ఒక చిన్న జాగ్రత్త తీసుకోండి. అబ్బాయి రెండో విమానం ఎక్కి కూర్చున్నానని గల్ఫ్ నుండి ఫోను చేసేవరకు కచ్చితమైన గంట ప్రకటించకండి. రోజు చెప్పండి, చాలు. హైదరాబాదులో దిగాక గన్నవరానికి మరో విమానం అందుతుందేమో కూడా ముందే చూసుకోమనండి. వేళ కలిస్తే రోడ్డు మీది ఆరున్నర గంటల్లో రెండు మూడు గంటలు మిగులుతాయి. కలవకపోతే కారే నయం.

రాలేనివారి సంగతి కూడా చెప్పాలి. ఇది చాలా ఇళ్లలో చెప్పుకోని బాధ. అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్నవారిలో కొందరికి అక్కడ ఉండడానికి అనుమతి ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు దాటిపోయి ఉంటుంది. దేశం విడిస్తే తిరిగి వెళ్లేముందు ఇక్కడి కాన్సులేటులో మళ్లీ ముద్ర వేయించుకోవాలి, దాని తారీకు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు చివరి దశలో ఉన్న కొందరు ముందస్తు అనుమతి లేకుండా బయటికి వస్తే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. భార్య ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ దాని మీదే ఉంటాయి. "కన్నతండ్రి పోతే రాలేదు" అని అరుగు మీద అనడం తేలిక. ఆ బిడ్డ అక్కడ గది తలుపు వేసుకుని ఫోనులో భూస్థాపన చూస్తూ ఎలా కూర్చున్నాడో అనేవారికి తెలియదు. తల్లిదండ్రులు జబ్బున పడినప్పుడే ఈ విషయం బిడ్డలతో విడిగా మాట్లాడుకోవడం మంచిది. "అవసరమైతే రాగలవా నాన్నా? రాలేకపోతే మేమేమీ అనుకోం" అని తల్లి నోటితో ఒక మాట ముందే చెప్పి ఉంచితే, తరువాత ఎవరేమన్నా ఆ బిడ్డకు అదే ఆదరణ.

2020 మార్చి 23 నుండి 2022 మార్చి 27 వరకు మన దేశానికి మామూలు అంతర్జాతీయ విమానాలు నడవలేదు. 2020 మే నెలలో వందే భారత్ విమానాలు మొదలయ్యేవరకు దాదాపు ఏ దారీ లేదు. ఆ రోజుల్లో కువైట్ ఎంత దూరమో, డల్లాసూ అంతే దూరం.

అంతకుముందు కాలపువారి ఓర్పును కూడా తలచుకోవాలి. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా ఇంగ్లండులో ఓడ ఎక్కి మన గోదావరి డెల్టాకు వచ్చారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త పని వారితోనే ఆరంభమైంది. సూయజ్ కాలువ 1869లో గాని తెరవలేదు. ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి నెలల తరబడి సముద్రం మీద ఉండాలి. వారి తల్లిదండ్రులు పోయిన వార్త ఇక్కడికి చేరేసరికి అక్కడి సమాధి మీద గడ్డి మొలిచి ఉండేది. మన దేశంలో మాత్రం దూరాలు దగ్గరగా ఉండేవా? 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచేవరకు, ఇటు కొవ్వూరులో బండి దిగి, పడవలో నది దాటి, అటు మళ్లీ ఎక్కవలసిందే.

గల్ఫ్ సంగతి అమెరికాకు పూర్తిగా వేరు. మన ఉభయ గోదావరి జిల్లాల నుండి ఎందరో స్త్రీలు కువైట్‌కూ, ఇతర గల్ఫ్ దేశాలకూ ఇంటి పనికి వెళ్లారు, వెళుతున్నారు. హైదరాబాదు నుండి కువైట్ 3,400 కిలోమీటర్లు, అయిదు గంటల లోపు ప్రయాణం. గూడెం నుండి రైల్లో హైదరాబాదు వెళ్లడం కంటే త్వరగా విమానం కువైట్‌లో దిగుతుంది! అయినా తండ్రి పోయాడన్న కబురు అందిన ఆ చెల్లెలు రెండో రోజుకు గాని, అయిదో రోజుకు గాని రాలేకపోవచ్చు. అసలే రాలేకపోవచ్చు. యజమాని ఒప్పుకోవాలి. చాలాచోట్ల పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంటుంది. టిక్కెట్టు డబ్బు చేతిలో ఉండాలి. ఇంత దగ్గర ఉండి ఇంత దూరమా అని అడిగితే, దూరం కిలోమీటర్లలో లేదనే చెప్పాలి. కొత్తగా వెళ్లేవారు ఎవరైనా మీ సంఘంలో ఉంటే మూడు మాటలు చెప్పండి: పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం నకళ్లు ఇంటి దగ్గర ఉంచి వెళ్లమని, యజమాని ఫోను నంబరు ఇంట్లో రాసి పెట్టమని, తిరుగు టిక్కెట్టుకు సరిపడే డబ్బు ముట్టుకోకుండా ఒకచోట దాచుకోమని.

అక్కడే ఎవరైనా చనిపోతే ఇంటివారు విమానం గంటలు లెక్కపెట్టకూడదు. అక్కడి ప్రభుత్వ మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి లేదా పోలీసు కాగితం, ఇక్కడి కుటుంబం సమ్మతి పత్రం, భారత రాయబార కార్యాలయం అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, పాస్‌పోర్టు రద్దు, దేహాన్ని భద్రపరచినట్టు ధ్రువపత్రం, ఇవన్నీ అయ్యాకే పెట్టె విమానం ఎక్కుతుంది. రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు. ఈ లోపల ఇంటివారు దళారుల చుట్టూ తిరగకుండా, విదేశాంగ శాఖవారు 2015లో పెట్టిన 'మదద్' అనే ఏర్పాటులో ఫిర్యాదు నమోదు చేయించాలి. కంప్యూటరు తెలిసిన యువకులు సంఘానికి ఒకరిద్దరైనా ఉంటారు, వారికి ఇది సేవ. రవాణా ఖర్చు భరించలేని బీదవారికి రాయబార కార్యాలయాల్లో 2009 నుండి ఒక సంక్షేమ నిధి ఉంది. అడగనివారికి అది అందదు.

ఇంత దూరాలు దాటి వచ్చినవారిని చివరి ఇరవై కిలోమీటర్లు ఆపగలవు. ఏలూరు నుండి కైకలూరు పక్షి దారిన 21 కిలోమీటర్లే. మధ్యలో కొల్లేరు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు కైకలూరు వారి కలెక్టరు మచిలీపట్నంలో ఉండేవారు. గూడెం వారికి ఏలూరు పోయి భీమవరం వచ్చింది. కాగితం మీద కైకలూరు ఏలూరుకు దగ్గరైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు ఎడ్లగాడి దగ్గర రోడ్డు మునిగి రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు హనుమాన్ జంక్షను, గుడివాడ, ముదినేపల్లి చుట్టి రావాలి. గంటలోపు దారి పూటంత అవుతుంది. ఇక గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక వంటి లంక గ్రామాలవారికి నీటితో బ్రతకడం కొత్త కాదు. రోడ్లు లేని రోజుల్లో తాటిదోనెల మీదే పెళ్లివారూ, రోగులూ, శవపేటికలూ ప్రయాణం చేశాయి. వానాకాలంలో కొల్లేటి గ్రామాల్లో కార్యక్రమం పెట్టుకునేవారు, హైదరాబాదు నుండి కారు మాట్లాడేటప్పుడే ఏ రోడ్డు తెరిచి ఉందో ఇక్కడి మనిషిని అడిగి డ్రైవరుకు చెప్పించండి. ఫోనులో పటం చూసి వచ్చే డ్రైవరుకు నీటిలోతు తెలియదు.

చివరగా ఫోను వేళలు. అమెరికాలో డల్లాస్, హూస్టన్, చికాగోల వేళ తెలుసుకోవడానికి ఒక సులువుంది. నవంబరు మొదటి ఆదివారం నుండి మార్చి రెండో ఆదివారం వరకు, మన గడియారంలో పగలును రాత్రి చేసి, రాత్రిని పగలు చేసి, దానికి అరగంట కలపండి. మన రాత్రి 8 గంటలంటే వారికి అదే రోజు ఉదయం 8:30. మిగతా నెలల్లో అరగంటకు బదులు గంటన్నర కలపాలి, ఉదయం 9:30 అవుతుంది. కువైట్‌కు రెండున్నర గంటలు తీసివేస్తే చాలు. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. అక్కడ తల్లికి ఇంటి పని ముగిసేసరికి రాత్రి 10 అయితే మనకు 12:30, పిల్లలు నిద్రపోయి ఉంటారు. పిల్లలు బడికి బయలుదేరే ఉదయం 8 గంటలకు అక్కడ 5:30, ఆ ఇంటివారు లేచి ఉండరు. ఆ వేళ పది నిమిషాలు మాట్లాడడానికి కుదురుతుందేమో ఆ తల్లిని అడిగి చూడండి.